ఒక్క రెస్టారెంటు వందలెలా అవుతుంది: కుటుంబ చైన్ల ఎదుగుదల వెనక లెక్కలు

2024 మే నెలలో రెడ్ లాబ్‌స్టర్, అదే ఏడాది నవంబరులో టీజీఐ ఫ్రైడేస్ అమెరికాలో దివాలా కోర్టు మెట్లెక్కాయి. రెండూ ఒకప్పుడు వందల శాఖలతో వెలిగిన చైన్లు. మరోపక్క 1948లో కాలిఫోర్నియాలో భార్యాభర్తలిద్దరు ఒక చిన్న కొట్టుతో మొదలుపెట్టిన ఇన్-ఎన్-అవుట్ బర్గర్, తూర్పున ఉన్న టెనెసీ రాష్ట్రానికి విస్తరిస్తామని 2023లో ప్రకటించింది. ఈ వార్తలను పక్కపక్కన పెట్టుకుని చదివితే ఎవరికైనా అయోమయంగానే ఉంటుంది. రుచి బాగుంటే నిలబడతారు, లేకపోతే పోతారు అని సరిపెట్టుకోవచ్చు గానీ, కూలిపోయిన చైన్లలో తిండి బాగున్నవీ ఉన్నాయి.

ఒక కుటుంబం పెట్టిన రెస్టారెంటు పెరిగేటప్పుడు ప్రతి కొత్త శాఖ దగ్గరా రెండు విషయాలు తేలాలి. అది ఎవరి డబ్బుతో లేస్తుంది? నష్టం వస్తే ఎవరి జేబు ఖాళీ అవుతుంది? చైన్ల చరిత్రలో కనిపించే మలుపుల్లో చాలా వాటికి మూలం ఈ రెండింటికీ దొరికిన జవాబుల్లోనే ఉందని నా అభిప్రాయం. అమెరికా ఉదాహరణలతోనే దీన్ని విప్పి చూద్దాం. ఈ వ్యాపారం పెరిగే పద్ధతులు చాలావరకు అక్కడే రూపుదిద్దుకున్నాయి, లెక్కలూ బయట దొరుకుతాయి.

ఏది క్యాజువల్, ఏది కాదు

అక్కడి పరిశ్రమ రెస్టారెంట్లను స్థూలంగా కొన్ని రకాలుగా విడదీస్తుంది. కౌంటర్ దగ్గర ఆర్డరిచ్చి నిమిషాల్లో తీసుకెళ్లేది ఫాస్ట్ ఫుడ్. కౌంటరే ఉన్నా, వంట అప్పటికప్పుడు చేస్తూ కాస్త ఎక్కువ ధర తీసుకునేది ఫాస్ట్ క్యాజువల్. టేబుల్ దగ్గరికి వచ్చి ఆర్డర్ తీసుకుని, వడ్డించి, మధ్యతరగతి కుటుంబానికి అందే ధరలో భోజనం పెట్టేది క్యాజువల్ డైనింగ్. దీనికి వడ్డించేవాళ్లు కావాలి, పెద్ద హాలు కావాలి, మెనూ కూడా పొడవుగా ఉంటుంది. అందుకే ఈ మూడింటిలో ఖర్చుకు ఎక్కువగా దొరికిపోయేది ఇదే. నేను చెప్పబోయే కుటుంబాల్లో కొన్ని బర్గర్ కౌంటర్లు నడిపినవి, కొన్ని టేబుళ్లు వేసినవి. పెరిగే పద్ధతుల విషయంలో మాత్రం అందరి ముందూ ఉన్న దారులు అవే.

వంద డాలర్ల బిల్లులో మిగిలేదెంత

ఒక ఊహాజనిత రెస్టారెంటును తీసుకుందాం. ఏడాదికి 40 లక్షల డాలర్ల అమ్మకం. ప్రతి 100 డాలర్లలో సరుకులకు 28, జీతాలకు 34, అద్దెకు 8, కరెంటు, గ్యాసు, మరమ్మతులు, కార్డు రుసుములు, ప్రచారం వంటి వాటికి 16 పోతాయనుకుందాం. మిగిలేది 14. అంటే ఏడాదికి 5 లక్షల 60 వేలు. ఈ అంకెలు నేను లెక్క కోసం వేసుకున్నవే అయినా, బాగా నడిచే రెస్టారెంటు లెక్కలు ఈ చుట్టుపక్కలే ఉంటాయి.

సరుకులు, జీతాలు కలిపితే 62. ఈ వ్యాపారంలో ఉన్నవాళ్లు పొద్దున్నే ముందు చూసుకునేది ఈ రెండింటి మొత్తాన్నే. మిగతా ఖర్చులు వాళ్ల చేతిలో ఉండవు. అద్దె ఒప్పందం ఒకసారి రాసుకున్నాక జనం వచ్చినా రాకపోయినా ఒకటే. వంటింట్లో వృథా, అవసరానికి మించి పిలిపించుకున్న సిబ్బంది, కొలత తప్పిన వడ్డన ఈ మూడింటి మీదే అదుపు. సొంతవాళ్లు వంటింట్లో నిలబడినంత కాలం ఈ అదుపుకు విడిగా జీతమివ్వక్కర్లేదు. చిన్న రెస్టారెంటుగా ఉన్నప్పుడు కుటుంబానికి ఉండే అసలు బలం ఇదే. అయితే ఇంట్లోవాళ్లు ఎందరుంటే అన్ని వంటిళ్ల దగ్గరే ఆ బలం ఆగిపోతుంది.

సొంత డబ్బుతో పెరిగితే

పై రెస్టారెంటు లాంటిదే ఇంకొకటి కట్టాలంటే 25 లక్షల డాలర్లు కావాలనుకుందాం. పన్నులూ ఇంటి ఖర్చులూ పోను, ఒక్కో శాఖ నుంచి ఏటా 4 లక్షలు పక్కన పెట్టగలరు. అప్పు చేయరు, వాటా అమ్మరు. రెండో శాఖకు డబ్బు చేరడానికి ఆరేళ్లు దాటుతుంది. రెండు శాఖలు కలిసి మూడోదాన్ని మూడేళ్ల పైచిలుకులో నిలబెడతాయి. నాలుగోదానికి రెండేళ్లు, ఐదోదానికి ఏడాదిన్నర. మొత్తం మీద ఐదో శాఖ తెరిచేసరికి పదమూడేళ్లు.

ఇది కాగితం మీద లెక్క. అసలు చరిత్ర దీనికి దగ్గరగానే ఉండటం ఆసక్తికరం. వర్జీనియా రాష్ట్రం ఆర్లింగ్టన్‌లో మరెల్ దంపతులు 1986లో ఫైవ్ గైస్ అనే బర్గర్ల కొట్టు మొదలుపెట్టారు. పిల్లల కాలేజీ చదువుల కోసం దాచిన డబ్బే పెట్టుబడి. 2001 నాటికి వాళ్ల చేతిలో ఉన్నవి ఐదే శాఖలు, అన్నీ వాషింగ్టన్ పరిసరాల్లోనే. డేవిడ్ ఓవర్టన్ 1978లో బెవర్లీ హిల్స్‌లో తెరిచిన చీజ్‌కేక్ ఫ్యాక్టరీదీ అలాంటి కథే. తల్లిదండ్రులు ఎవెలిన్, ఆస్కార్ నడుపుతున్న కేకుల బేకరీకి నలుగురిలో పేరు రావాలని పెట్టిన రెస్టారెంటది. రెండోది తెరవడానికి ఐదేళ్లు పట్టింది. 1992 నాటికీ వాటి సంఖ్య ఐదు దగ్గరే ఉంది.

ఇక ఇన్-ఎన్-అవుట్. హ్యారీ, ఎస్తర్ స్నైడర్ దంపతులు బాల్డ్విన్ పార్క్‌లో 1948లో తెరిచారు. హ్యారీ 1976లో చనిపోయేనాటికి 18 శాఖలు. 28 ఏళ్లకు 18 అంటే నెమ్మదే. ఒక్క శాఖనూ బయటివాళ్లకు ఇవ్వలేదు, ఇప్పటికీ ఇవ్వడం లేదు. కాకపోతే ఇలా పోగయ్యే సంఖ్యకు ఒక గుణం ఉంది. మొదట్లో ప్రాణం తీసే నిదానం, శాఖలు పెరిగేకొద్దీ వేగంగా మారుతుంది. పై లెక్క ప్రకారమే పది శాఖలున్న కుటుంబం అప్పు లేకుండా ఏడాదికి ఒకటిన్నర శాఖ చొప్పున తెరవగలదు. తండ్రి తర్వాత చిన్నకొడుకు రిచ్ 24 ఏళ్ల వయసులో పగ్గాలు అందుకుని, 17 ఏళ్లలో 18ని 93 చేశాడు.

ఫ్రాంచైజీ: వాటా అమ్మకం మీద, లాభం మీద కాదు

ఆ పదమూడేళ్లు ఆగలేని కుటుంబానికి కనిపించే దారి ఫ్రాంచైజీ. పేరు, మెనూ, పద్ధతి కుటుంబానివి. స్థలం, కట్టడం, సిబ్బంది, రోజువారీ కష్టనష్టాలు ఫ్రాంచైజీ తీసుకున్నవాళ్లవి. మొదట ఒక రుసుము, ఆ తర్వాత అమ్మకాల మీద కొంత శాతం కుటుంబానికి కడతారు. ఆ శాతమే రాయల్టీ.

మన 40 లక్షల రెస్టారెంటుకే 5 శాతం రాయల్టీ వేసి చూద్దాం. కుటుంబానికి ఏటా 2 లక్షలు, పైసా పెట్టుబడి లేకుండా. నడిపే మనిషికి 5 లక్షల 60 వేలలో అది పోను 3 లక్షల 60 వేలు మిగులుతుంది. తను పెట్టిన 25 లక్షలు తిరిగి రావడానికి దాదాపు ఏడేళ్లు పడుతుంది. ఇంతవరకు ఇద్దరికీ గిట్టుబాటే.

చిక్కంతా శాతాన్ని అమ్మకాల మీద లెక్కించడంలో ఉంది. కుటుంబం దేశమంతటా ఒక డిస్కౌంటు ప్రకటించిందనుకోండి. జనం పెరిగి అమ్మకం 44 లక్షలకు చేరింది. ధర తగ్గించారు కాబట్టి సరుకుల వాటా 33 శాతానికి, అంటే 14 లక్షల 52 వేలకు ఎగబాకింది. రద్దీకి తగ్గట్టు మనుషుల్ని పెంచితే జీతాలు 14 లక్షల 40 వేలు. అద్దె మారదు, 3 లక్షల 20 వేలే. మిగతా ఖర్చులు 6 లక్షల 60 వేలు. మిగిలింది 5 లక్షల 28 వేలు. రాయల్టీ 2 లక్షల 20 వేలు తీసేస్తే నడిపే మనిషికి 3 లక్షల 8 వేలు. హాలు కిటకిటలాడింది, కుటుంబానికి 20 వేలు ఎక్కువొచ్చింది, వంటింట్లో నిలబడ్డ మనిషికి 52 వేలు తగ్గింది. ఇక్కడ ఎవరూ మోసం చేయలేదు, ఒప్పందం రాసుకున్న తీరే అలాంటిది. ఫ్రాంచైజీలకూ మాతృసంస్థలకూ మధ్య నడిచే గొడవల్లో చాలా భాగం ఈ ఒక్క లెక్కతో అర్థమవుతాయి.

కుటుంబం వైపు నుంచి కూడా ఇది ఎలా బెడిసికొడుతుందో మెక్‌డొనాల్డ్ సోదరుల చరిత్ర చెబుతుంది. రిచర్డ్, మారిస్ 1948లో శాన్ బెర్నార్డినోలో తమ వంటింటిని కొత్త పద్ధతిలోకి మార్చారు. మెనూ కుదించి, పనిని ముక్కలుగా విడగొట్టి, నిమిషాల్లో బర్గర్ చేతికిచ్చే ఏర్పాటది. దాన్ని దేశమంతా విస్తరించే బాధ్యత రే క్రాక్‌కు ఇచ్చారు. ఆయన తొలి శాఖ 1955లో ఇల్లినాయి రాష్ట్రం డెస్ ప్లెయిన్స్‌లో తెరుచుకుంది. ఫ్రాంచైజీలు కట్టేది అమ్మకాల్లో 1.9 శాతం, అందులో 0.5 సోదరులకు. మిగిలిన 1.4 శాతంతో శాఖల మీద నిఘా పెట్టి, శిక్షణ ఇచ్చి, కంపెనీ నడపడం క్రాక్‌కు సాధ్యం కాలేదు. 1956లో తన సహచరుడు హ్యారీ సోన్నెబార్న్ సలహాతో స్థలాల కంపెనీ ఒకటి పెట్టి, జాగాలు తాము తీసుకుని ఫ్రాంచైజీలకు తిరిగి అద్దెకివ్వడం మొదలుపెట్టారు. అసలు ఆదాయమూ, శాఖల మీద అసలు అదుపూ అప్పటినుంచి అద్దె కాగితాల్లోకి మారాయి. 1961లో సోదరులు 27 లక్షల డాలర్లు తీసుకుని పక్కకు తప్పుకున్నారు. పద్ధతి కనిపెట్టింది వాళ్లు. కానీ శాఖ కింద ఉన్న నేల ఎవరి చేతిలో ఉండాలన్న విషయాన్ని ఆలోచించింది ఇంకొకరు.

ఫ్రాంచైజీ అంటే అదుపు పోవడమే అనుకోవడమూ తప్పే. విస్కాన్సిన్‌లో కల్వర్ కుటుంబం 1984లో పెట్టిన కల్వర్స్‌కు తొలి ఫ్రాంచైజీ ఏడాది తిరక్కుండానే మూతపడింది. అప్పటినుంచి వాళ్లు మనిషిని ఎంచుకునే తీరు మార్చుకున్నారు. డబ్బు పెట్టి దూరంగా కూర్చునేవాళ్లకు కాదు, నెలల తరబడి శిక్షణ తీసుకుని స్వయంగా శాఖలో నిలబడేవాళ్లకే ఇస్తారు. అలా పెరిగిన చైన్ ఇప్పుడు వందల శాఖలది.

మేనేజరునే భాగస్వామిని చేయడం

ఈ రెండింటికీ మధ్య ఇంకో దారి ఉంది. టెక్సాస్ రోడ్‌హౌస్ ఇండియానా రాష్ట్రంలో 1993లో మొదలైంది. కుటుంబ సంస్థ కాదు గానీ దాని పద్ధతి చూడదగ్గది. శాఖ మేనేజరు 25,000 డాలర్లు కట్టి చేరతాడు, ఆ శాఖ లాభంలో 10 శాతం అతనిది. మన లెక్కలో అది ఏటా 56 వేలు. రాయల్టీకీ దీనికీ తేడా చూడండి. అతని వాటా అమ్మకం మీద కాదు, లాభం మీద. వృథా తగ్గితే ఇద్దరికీ లాభం, అర్థం లేని డిస్కౌంటు ఇస్తే ఇద్దరికీ నష్టం. కట్టడం ఖర్చు మాత్రం సంస్థే భరించాలి, కాబట్టి ఫ్రాంచైజీ అంత వేగం రాదు.

రుచిని మోసుకెళ్లే దూరం

డబ్బు సమకూరినా రుచి అంత దూరం రావాలి కదా. ఇన్-ఎన్-అవుట్ మాంసాన్ని గడ్డకట్టించదు. సొంత కేంద్రాల్లో తయారుచేసి శాఖలకు తాజాగా పంపుతుంది. కాబట్టి ఆ కేంద్రం నుంచి ఒక రోజు లారీ ప్రయాణం దాటిన చోట శాఖ పెట్టలేదు. 2011లో టెక్సాస్‌కు వెళ్లినప్పుడు అక్కడే సరఫరా కేంద్రం కట్టుకోవాల్సి వచ్చింది. ఈ చైన్ ఎంత వేగంగా పెరగాలో డబ్బు కన్నా ముందు లారీలే నిర్ణయిస్తున్నాయి.

చీజ్‌కేక్ ఫ్యాక్టరీ దానికి పూర్తి విరుద్ధం. 250 రకాలకు మించిన మెనూ. కేకులు కాలిఫోర్నియా, నార్త్ కరోలినాల్లోని రెండు బేకరీల నుంచి వస్తాయి, మిగతా వంట ఎక్కువ భాగం ఏ శాఖకు ఆ శాఖలోనే జరుగుతుంది. అంత పెద్ద వంటింటిని నడపగల మనుషులు దొరకడం కష్టం కనుక అమెరికాలో దాన్ని ఫ్రాంచైజీకి ఇవ్వలేదు. విదేశాల్లో మాత్రం లైసెన్సు పద్ధతిలో నడుస్తుంది. ఫైవ్ గైస్ మెనూ చాలా చిన్నది, కొత్త మనిషి త్వరగా నేర్చుకుంటాడు. 2003లో ఫ్రాంచైజీ మొదలుపెట్టిన ఆ కుటుంబం పదేళ్లలోపే వెయ్యి శాఖలు దాటింది. మెనూ ఎంత పొడవో తేల్చుకున్నప్పుడే ఏ దారిలో పెరగాలన్నది కూడా చాలావరకు తేలిపోతుంది. ఈ చర్చల్లో దీన్ని తక్కువగా పట్టించుకుంటారు.

షేర్ మార్కెట్టుకు వెళ్లాక చూడాల్సిన అంకె

1992లో చీజ్‌కేక్ ఫ్యాక్టరీ పబ్లిక్ ఇష్యూకు వెళ్లింది. కొత్త శాఖలకు డబ్బు దొరికింది, డేవిడ్ ఓవర్టనే దశాబ్దాల పాటు నాయకత్వంలో కొనసాగారు. అయితే మార్కెట్టులోకి వచ్చిన చైన్‌ను మూడు నెలలకోసారి అందరూ తూకం వేస్తారు. ఆ తూకానికి వాడే అంకె పేరు సేమ్ స్టోర్ సేల్స్, అంటే కొత్త శాఖల్ని పక్కన పెట్టి పాత శాఖల్లో మాత్రమే అమ్మకం పెరిగిందా తగ్గిందా అని.

ఇది ఎందుకు ముఖ్యమో చూడండి. 20 శాఖలు, ఒక్కోదాని అమ్మకం 40 లక్షలు, మొత్తం 8 కోట్లు. ఈ ఏడాది నాలుగు కొత్తవి తెరిచారు, అవీ అంతే అమ్మాయి. పాత వాటిలో అమ్మకం 3 శాతం తగ్గింది. మొత్తం 9 కోట్ల 36 లక్షలు. పత్రికలో వార్త 17 శాతం వృద్ధి అని వస్తుంది. కానీ పాత శాఖ ఒక్కోదానికి లక్షా 20 వేల అమ్మకం పోయింది. అద్దె, మేనేజరు జీతం తగ్గవు కాబట్టి అందులో 60 శాతం నేరుగా లాభం లోంచే పోతుందనుకుందాం. 5 లక్షల 60 వేలు కాస్తా 4 లక్షల 88 వేలవుతుంది. పాత శాఖల లాభం దాదాపు 13 శాతం తగ్గినట్టు. కొత్త శాఖ పాతదానికి దగ్గర్లో వస్తే ఈ తగ్గుదలకు కారణం సొంత చైనే కావచ్చు, అటు వెళ్లే జనమే ఇటు మళ్లారు.

అమ్మేశాక ఏమవుతుంది: రెండు వాదనలు

మసాచుసెట్స్‌లో ప్రెస్‌లీ, కర్టిస్ బ్లేక్ అన్నదమ్ములు 1935లో ఐస్‌క్రీమ్ కొట్టు పెట్టి ఫ్రెండ్లీస్ అనే చైన్‌గా పెంచారు. 1979లో చాక్లెట్ సంస్థ హెర్షీకి 16 కోట్ల 40 లక్షల డాలర్లకు అమ్మారు. తర్వాత చైన్ చేతులు మారుతూ 2007లో సన్ క్యాపిటల్ అనే ప్రైవేట్ ఈక్విటీ సంస్థకు చేరింది, 2011లో దివాలా కోర్టుకెళ్లింది, 2020లో మళ్లీ వెళ్లింది. ఇద్దరు సోదరులూ వందేళ్లు దాటి బతికారు. తాము కట్టిందాని పతనం కళ్లారా చూశారు. నాకు ఈ చరిత్ర మొత్తంలో మనసును పట్టేసేది ఇదే.

ప్రైవేట్ ఈక్విటీ అంటే పెద్ద పెట్టుబడిదారుల డబ్బు పోగుచేసి, తరచూ అప్పు కూడా కలిపి, కంపెనీలు కొని కొన్నేళ్లకు అమ్మేసే సంస్థ. దాని మీద ఉన్న ప్రధాన ఆరోపణకు రెడ్ లాబ్‌స్టర్‌ను ఉదాహరణగా చూపిస్తారు. 2014లో గోల్డెన్ గేట్ క్యాపిటల్ దాన్ని 210 కోట్ల డాలర్లకు కొంది, ఆ డబ్బులో 150 కోట్లు రెస్టారెంట్ల స్థలాలు వేరే సంస్థకు అమ్మగా వచ్చినవే. సొంత నేల మీద ఉన్న శాఖలు ఆ రోజు నుంచి అద్దె కట్టాల్సి వచ్చింది. మన వంద డాలర్ల లెక్కలో అద్దె 8 నుంచి 11కి పెరిగితే మిగులు 14 నుంచి 11కి పడిపోతుంది. అమ్మకం మంచి రోజుల్లో ఇది తెలియదు, చెడ్డ ఏడాది రాగానే గొంతు పట్టుకుంటుంది. అయితే ఆ చైన్ దివాలాకు అద్దెలు ఒక్కటే కారణం కాదు. 20 డాలర్లకు ఎంత తింటే అంత రొయ్యలు పెట్టిన పథకం కోటి డాలర్లకు పైగా నష్టం తెచ్చింది, జనం రాకా తగ్గింది, మధ్యలో యాజమాన్యాలూ మారాయి.

అవతలి వాదనకూ బలముంది. 2020 మార్చిలో హాళ్లు మూతపడి, ఏప్రిల్ అద్దె కట్టలేమని చీజ్‌కేక్ ఫ్యాక్టరీ తన స్థలాల యజమానులకు లేఖలు రాసినప్పుడు 20 కోట్ల డాలర్లు పెట్టి ఆదుకున్నది రోర్క్ క్యాపిటల్, అదీ ప్రైవేట్ ఈక్విటీయే. కల్వర్స్‌లో కూడా 2017లో అదే సంస్థ వాటా తీసుకుంది, మైనారిటీ వాటా మాత్రమే. పగ్గాలు కుటుంబం దగ్గరే ఉన్నాయి. బయటి డబ్బు మంచిదా చెడ్డదా అని తేల్చేకన్నా, ఎంత వాటాకు వచ్చింది, దేన్ని తాకట్టు పెట్టించుకుంది అని చూడటం మేలు.

వారసులున్నారా, సిద్ధంగా ఉన్నారా

కుటుంబాలు అమ్మేయడానికి అత్యాశ ఒక్కటే కారణం కాదు. ఆస్తి అంతా షేర్ల రూపంలో ఉంటుంది, చేతిలో నగదు ఉండదు. పెద్దవాళ్లు పోతే వారసత్వ పన్ను కట్టడానికే అమ్మాల్సి రావచ్చు. నలుగురు పిల్లల్లో ఒకరే వంటింట్లో పనిచేస్తుంటే మిగతా ముగ్గురు డబ్బు అడుగుతారు, అందులో తప్పేమీ లేదు. మరెల్ కుటుంబం కొడుకులకు పనులు విడగొట్టింది. ఫ్రాంచైజీల ఎంపిక ఒకరిది, శిక్షణ ఒకరిది, బేకరీ ఒకరిది. స్నైడర్ కుటుంబానికి అలాంటి వెసులుబాటు దొరకలేదు. రిచ్ 1993లో విమాన ప్రమాదంలో పోయాడు. అన్న గై బాధ్యత తీసుకుని 1999లో కన్నుమూశాడు. పెద్దావిడ ఎస్తర్ 2006లో వెళ్లిపోయింది. మనవరాలు లిన్సీ 2010లో అధ్యక్షురాలయ్యేదాకా కంపెనీ ముక్కలు కాకుండా కాపాడింది ట్రస్టు. వయసుతో పాటు దశలవారీగా వాటాలు ఆమెకు అందేలా ముందే రాసి పెట్టారు.

వంద శాఖలు వస్తున్నాయంటే

కొత్త చైన్ గురించి వచ్చే వార్తల్లో వంద శాఖలకు ఒప్పందం అని కనిపిస్తుంది. అది సాధారణంగా తెరిచిన శాఖల సంఖ్య కాదు, ఒక ప్రాంతంలో ఇన్నేళ్లలో ఇన్ని తెరుస్తామని ఫ్రాంచైజీలు రాసిచ్చిన మాట. ఫైవ్ గైస్ 2003 తర్వాత ఏడాదిన్నరలోనే 300కు పైగా శాఖల హక్కులు అమ్మింది. అవన్నీ తలుపులు తెరవడానికి ఇంకా కొన్నేళ్లు పట్టింది. మన లెక్కలో ఒక ఫ్రాంచైజీ పది శాఖలకు సంతకం పెట్టాడంటే, రెండున్నర కోట్ల డాలర్లు అతను సమకూర్చుకోవాలి. మొదటి రెండు శాఖలు రాయల్టీ పోను ఏడాదికి 7 లక్షల 20 వేలు ఇస్తుంటే మూడోదానికి బ్యాంకు అప్పిస్తుంది. ఇవ్వకపోతే సంతకం మిగులుతుంది, శాఖ రాదు. కాబట్టి అలాంటి వార్తలో వెతకాల్సిన అంకెలు రెండు: గత ఏడాది నిజంగా తెరిచినవి ఎన్ని, మూసినవి ఎన్ని.